గంగునాయుడి పాత కొత్త గిటారు

లొద్దపాలెంలో గంగునాయుడి ఇల్లంటే తెలివికి పుట్టిల్లు. ఈ మాట ఊరివాళ్ళు అనలేదు. గంగునాయుడే అన్నాడు, తమ్ముడు పోలయ్య ఔనన్నాడు, పెళ్ళాం నరసాయమ్మ వీధి గోడ మీద సున్నంతో రాయించింది. ఇంట్లో ఉన్న ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంక బయటి సాక్ష్యం దేనికి?

"అన్నియ్యా, మనింట్లో తెలివి మరీ ఎక్కువైపోనాది. కొంచెం ఎవులికైనా పంచీదామా?" అని పోలయ్య అప్పుడప్పుడూ జాలిపడేవాడు.

"పంచితే మనకి తరిగిపోదేటిరా?" అని గంగునాయుడు వారించేవాడు. తరిగిపోకూడదనే అన్నదమ్ములిద్దరూ గాలిరోజుల్లో చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేవాళ్ళు. గాలి ఈ చెవిలో దూరి, తెలివిని ఆ చెవిలోంచి తోసేస్తుందని వాళ్ళ భయం.

వాళ్ళది పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ వాయించే మేళం. గంగునాయుడు మేండలిన్, పోలయ్య డ్రమ్ము, నరసాయమ్మ తాళాలు. ఒక్కమాట మాత్రం న్యాయంగా చెప్పుకోవాలి. గంగునాయుడు వాయిస్తే ఎంగిలాకుల దగ్గర కుక్కలు కూడా తల ఎత్తి వినేవి. దేవుడు అతని తల దగ్గర చేసిన పొదుపంతా వేళ్ళ దగ్గర ఖర్చుపెట్టేశాడు.

ఆ మేండలిన్‌ని కాస్తా చెదలు తినేశాయి. అప్పట్నించీ మూడేళ్ళుగా ఊరి జాతరలో, అంటే ఎర్రమ్మ తల్లి తీర్థంలో, స్టేజీ పక్కూరి మేళం వాళ్ళకే పోతోంది. వాళ్ళకి కీబోర్డుంది మరి. సొంత ఊళ్ళో, సొంత అమ్మోరి ముందు, వేరేవాళ్ళు వాయిస్తుంటే జనంలో నిలబడి వినడం గంగునాయుడికి గుండెల్లో ముల్లయి కూర్చుంది. తీర్థం నాడు అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు.

అలాంటిది ఆ ఏడు తీర్థం కమిటీ ప్రెసిడెంటు చిన్నంనాయుడు తానే ఇంటికొచ్చాడు.

"గంగులూ, ఆ కీబోర్డు మోత జనానికి మొహం మొత్తీసింది. ఈసారి పాతపాటలే పెడతన్నాం. పాతకాలం సౌండున్న వాయిద్యం ఒకటి తెచ్చుకున్నావంటే స్టేజీ నీదే."

ఇంకేముంది. రెండు గేదెల్లో ఒకదాన్ని అమ్మేశారు. ముగ్గురూ చెవుల్లో దూది కుక్కుకుని విశాఖపట్నం బస్సెక్కారు.

సంగీత వాయిద్యాల కొట్టు కుర్రాడు వాళ్ళ కథంతా విని, గోడ మీంచి ఒక ఎలక్ట్రిక్ గిటారు దింపాడు. కుంకుమ రంగు ఒళ్ళు, మీగడ రంగు పలక, అంచున మూడు గుండీలు. పెళ్ళికూతురులా ఉంది.

"ఇది అరవై రెండో సంవత్సరం మోడలండి."

"ఎప్పుడు చేసినారు?" అన్నాడు గంగునాయుడు.

"పోయిన నెల."

"మరి అరవై రెండంతన్నావు?"

"మోడల్ అప్పటిదండి. అప్పుడెలా చేశారో మళ్ళీ అలాగే కొత్తగా చేశారు."

"ఇంతకీ పాతదా, కొత్తదా?"

కుర్రాడు గిటారు వెనక్కి తిప్పి చూశాడు. "కొత్తదేనండి. కానీ పాతది."

పోలయ్య మొహం వెలిగిపోయింది. "నాకర్థమైంది అన్నియ్యా! నిన్నటి చేపల పులుసు ఇవాళ వేడిచేసినట్టన్నమాట."

"అంతేనండి" అన్నాడు కుర్రాడు, భోజనానికి వెళ్ళాల్సిన వేళ కావడంతో.

"అయితే కొనీండి. చేపల పులుసు రెండోనాడే బాగుంటాది" అంది నరసాయమ్మ. గేదె ఆవిడ పుట్టింటిది కాబట్టి ఇంకోమాట కూడా అడిగింది. "బాబూ, రెండు పూటలా ఇస్తాదా?"

"మీ ఓపికమ్మా, ఎన్ని పూటలైనా ఇస్తుంది" అన్నాడు కుర్రాడు. అంతే, గిటారూ, దాని మోత పెంచే పెట్టే ఇంటికొచ్చేశాయి.

పక్కనే ఉన్న టౌనులో జోసెఫ్ మాస్టారని ఒకాయన ఉన్నాడు. చర్చిలో పాటలు నేర్పుతాడు, గిటార్లు బాగుచేస్తాడు. మంచివాడు, కానీ ముక్తసరి మనిషి. నాలుగు మాటలు అవసరమైన చోట రెండే వాడతాడు. ఆయనకి చూపిస్తే నాలుగు తీగలు మీటి, తల పంకించాడు.

"కర్ర మంచిది. సౌండే ఇంకా పచ్చిగా ఉంది నాయుడూ. పండాలి."

"ఎన్నాళ్ళు పడతాదండీ?"

"ఏళ్ళు పడుతుంది."

తీర్థానికి ఇంకా రెండు వారాలే ఉంది. ఇంటికొచ్చి ముగ్గురూ అరుగు మీద కూర్చుని తెలివి బయటికి తీశారు.

"పచ్చిగా ఉంటే పండడానికి ఏళ్ళేటి?" అంది నరసాయమ్మ. "మాస్టారికి తోటలేదు పాపం, ఆయనకేటి తెలుస్తాది? మావిడికాయలు మనం ఎలగ మాగబెడతాం?"

ఇంకేముంది. పశువుల సాలలో ఒక మూల ఎండుగడ్డి పరిచి, దాని మీద గిటారుని పడుకోబెట్టి, మీద మళ్ళీ గడ్డి కప్పి, గోనెసంచి వేశారు. రోజూ పొద్దున్నే నరసాయమ్మ గడ్డి తొలగించి వాసన చూసేది, బొటనవేలితో నొక్కేది.

"ఇంకా గట్టిగానే ఉన్నాది."

"రంగు చూడు వదినా, ఎర్రగా పండిపోనాది" అనేవాడు పోలయ్య.

"అది కొన్నప్పుడే ఎరుపు కదరా."

"అయితే కొన్నప్పుడే దోరగా ఉన్నాదన్నమాట!"

అయిదో రోజుకి మిగిలిన గేదె గడ్డి మోపు కనిపెట్టి, మేస్తూ మేస్తూ, గిటారు మెడకి తగిలించుకునే తోలు పట్టీ కూడా నమిలేసింది. గేదె తిందంటే పండిందనే లెక్క. గడ్డి దులిపి, పెట్టెకి తగిలించి, మీట నొక్కారు. గుంయ్‌మంది. వాయించకుండానే గుంయ్‌మంది. ఆపితే ఆగదు.

"పండింది! పండింది! ఈగలు ముసిరిపోనాయి!" అని నరసాయమ్మ విసనకర్ర పట్టుకుని గిటారు చుట్టూ విసరడం మొదలుపెట్టింది. అరగంట విసిరినా ఒక్క ఈగా కనపడలేదు, మోతా తగ్గలేదు. అప్పుడు గంగునాయుడు మాస్టారికి ఫోను చేశాడు.

"మాస్టారూ, గిటారు గుంయ్‌మంటందండి."

"ఎర్తు లేదు. ఎర్తు ఇవ్వు, పోతుంది" అన్నాడు మాస్టారు. వెనకాల పిల్లలు పాట అందుకున్నారు, ఫోను పెట్టేశాడు.

పోలయ్య ఆరో తరగతి దాకా చదివినవాడు. "ఎర్తంటే ఇంగిలీసులో భూమి అన్నియ్యా. భూమి ఇమ్మంతన్నారు."

గంగునాయుడు తల పట్టుకున్నాడు. "ఉన్నది పది సెంట్లు కదరా. అది కూడా గిటారు పేర రాసీస్తే మనకేటి మిగుల్తాది?"

"రాయడం ఎందుకు? మనిషైతే కాయితం అడుగుతాడు. ఇది గిటారు. భూమిలో పాతిపెడితే అదే సంతోషిస్తాది" అంది నరసాయమ్మ.

ఆవిడ తెలివికి అన్నదమ్ములిద్దరూ పొంగిపోయారు. వంకాయ మడి పక్కన గొయ్యి తీసి, గిటారుని నడుం దాకా పాతారు. మెడ మాత్రం బయటికి ఉంచారు, ఊపిరాడాలి కదా. ఎండకి వాడిపోతుందేమో అని నరసాయమ్మ పొద్దునా సాయంత్రం చెంబుడు నీళ్ళు పోసింది.

పక్కింటి ముసలమ్మ దడి మీంచి తొంగిచూసింది. "ఏటి నాటినారే?"

"గిటారమ్మా."

"ఎప్పుడు కాపుకొస్తాదే?"

"తీర్థానికి."

"అయితే నాకూ ఒక కాయియ్యండే" అని ముసలమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

మూడు రోజులకి తవ్వి తీశారు. పెట్టెకి తగిలించారు. గుంయ్‌మనడం పోయింది. మాస్టారి మాట నిజమే. కాకపోతే గుంయ్‌తో పాటు మిగతా చప్పుళ్ళు కూడా పోయాయి. ఎంత గట్టిగా మీటినా ఎక్కడో దూరంగా దోమ ఏడ్చినట్టుంది. పైగా తడికి మెడ విల్లులా వంగింది. తీగలు పైకి లేచిపోయి వేలు పెడితే కోసుకుపోతోంది.

మళ్ళీ ఫోను. "మాస్టారూ, ఎర్తు ఇచ్చినాం. గుంయ్ పోనాది. ఇప్పుడు తీగలు ఎత్తుకి లేచిపోనాయండి."

మాస్టారు ఎవరి పెళ్ళి ప్రార్థనలోనో ఉన్నాడు. గుసగుసగా చెప్పాడు. "బ్రిడ్జి దించు. ఎక్కువొద్దు. ఒక్క నూలు చాలు."

గిటారు మీద తీగలు ఆనే చిన్న ఇనప పట్టీని బ్రిడ్జి అంటారు. నూలంటే వడ్రంగి కొలతలో అంగుళంలో ఎనిమిదో వంతు. ఇంత చిన్న సంగతి. కానీ తెలివికి పుట్టింట్లో చిన్న సంగతులకి చోటెక్కడిది?

"బ్రిడ్జి మీంచి దించాలంట, పదండి గెడ్డ దగ్గరికి" అన్నాడు గంగునాయుడు. ఊరి బయట పారే గెడ్డ వాగు మీద సిమెంటు బ్రిడ్జి ఉంది. ముగ్గురూ గిటారుని భుజాన వేసుకుని వెళ్ళారు. పోలయ్య బావి తాడు తెచ్చాడు. గంగునాయుడు కోప్పడ్డాడు.

"తాడెందుకురా? ఒక్క నూలు చాలని మాస్టారు మరీమరీ చెప్పినారు."

"ఎంత పొదుపైన మనిషో!" అని నరసాయమ్మ మెచ్చుకుని, జాకెట్టు కుట్టుకునే నూలు ఉండలోంచి ఒక్క పోగు తీసింది. దాన్ని గిటారు మెడకి కట్టారు. గంగునాయుడు పిట్టగోడ మీద బోర్లా పడుకుని, రెండు చేతులతో పోగు పట్టుకున్నాడు.

"దించు అన్నియ్యా."

"దించతన్నాను."

"ఎంతవరకూ దిగినాది?"

టప్‌మంది.

"మొత్తం దిగిపోనాది" అన్నాడు గంగునాయుడు.

కిందికి చూస్తే గిటారు బండ మీద పడి, దొర్లి, ఇంకో బండకి ఒరుసుకుని, ఇసకలో ముక్కు గుచ్చుకుని ఆగింది. గంగునాయుడు గట్టు దిగి పరిగెత్తాడు. మోకాల్లోతు నీళ్ళలో కూర్చుని గిటారుని ఒళ్ళోకి తీసుకున్నాడు. కుంకుమ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి లోపలి కర్ర కనిపిస్తోంది. మీగడ పలక పగిలింది. మూడు గుండీల్లో ఒకటి గెడ్డలో కొట్టుకుపోయింది.

పోలయ్య పక్కన చతికిలబడ్డాడు. "అన్నియ్యా, మాస్టారు చెప్పినట్టే చేసినాం కదా?"

"చేసినాం రా. మనం ఒక్క తప్పూ చెయ్యలేదు. అందుకేరా నాకు ఏడుపొస్తంది" అన్నాడు గంగునాయుడు. నిజంగానే ఏడ్చాడు. తప్పు చేసినవాడికైతే దిద్దుకోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది. ఏ తప్పూ చెయ్యనివాడు ఏం దిద్దుకుంటాడు? నరసాయమ్మ కొంగుతో ముందు గిటారు కళ్ళు, అంటే మిగిలిన రెండు గుండీలూ తుడిచింది, తర్వాత మొగుడి కళ్ళు తుడిచింది.

తీర్థానికి ఇంక నాలుగు రోజులుంది. పొరుగువాడి కూరగాయల వ్యాను అడిగి తీసుకుని, టమాటా బుట్టల మధ్య గిటారుని కూర్చోబెట్టుకుని టౌనుకి వెళ్ళారు.

జోసెఫ్ మాస్టారు గిటారుని చూసి కళ్ళజోడు తీసేశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "దీన్నేం చేశారు?"

మాగబెట్టడం, పాతిపెట్టడం, దించడం, ముగ్గురూ వంతులేసుకుని వరసగా చెప్పారు. మాస్టారు మొదట పళ్ళు బిగబట్టాడు. నూలు పోగు దగ్గరికొచ్చేసరికి ఇంక ఆగలేక, స్టూలు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి నీళ్ళు తాగి, గిటారుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాయుడూ, పట్నంలో కొందరు కొత్త గిటారు పాతగా కనిపించాలని ఉప్పుకాగితం పెట్టి మరీ గీకించుకుంటారు. అయినా ఇంత బాగా రాదు. అరవై ఏళ్ళ వయసు నువ్వు పదిరోజుల్లో తెచ్చేశావు. కర్ర చెక్కుచెదరలేదు. మెడ నేను సరిచేస్తాను."

గంగునాయుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"కానీ తీగల మోతని పట్టే ముక్క తడిసి చచ్చిపోయింది. వేరే పికప్ కావాలి" అన్నాడు మాస్టారు.

"పికప్పా? ఉన్నాదండి, బయటే ఉన్నాది!" అన్నాడు పోలయ్య.

"ఉందా? అయితే ఇంకేం. లోపలికి తీసుకురా."

అంతే. పోలయ్య బయటికి పరిగెత్తి, ఆ కూరగాయల పికప్ వ్యాను స్టార్టు చేసి, గుమ్మంలోకి ఎక్కించేశాడు. ముందు తడిక పందిరి పోయింది, తర్వాత బోర్డు పోయింది, తర్వాత రెండు బల్లలు పోయాయి. టమాటాలు దొర్లుకుంటూ వచ్చి మాస్టారి కాళ్ళ చుట్టూ చేరాయి. వ్యాను కిటికీలోంచి పోలయ్య తల బయటికి పెట్టాడు.

"ఇంకా లోపలికి తెమ్మంతారా మాస్టారూ?"

మాస్టారు టమాటాలు దాటుకుని పక్కకి జరిగాడు. ఆనాటికి ఆయనకి జ్ఞానోదయమైంది. "మీరు ముగ్గురూ ఆ మూల కూర్చోండి. ఏమీ చెయ్యకండి" అన్నాడు.

వాళ్ళు ఏమీ చెయ్యలేదు. మాస్టారి భార్య టీ తెచ్చి ఇస్తే అందుకోలేదు. పోలయ్య ముక్కు మీద ఈగ వాలితే తోలుకోలేదు. మాస్టారు మాత్రం తన సామానులోంచి ఒక ముసలి గిటారుది, ఆ కాలంనాటి పికప్ వెతికి తీసి అమర్చాడు. మెడ సరిచేశాడు, బ్రిడ్జి తానే ఒక్క నూలు దించాడు, కొత్త తీగలు బిగించాడు. పొద్దు వాలేవేళకి గిటారుని గంగునాయుడి ఒళ్ళో పెట్టాడు.

"ఇప్పుడు మీటు."

గంగునాయుడు మీటాడు. తేనె కారినట్టు, వెనకటి కాలం రేడియోలో ఎవరో మెల్లిగా పిలిచినట్టు, వెచ్చగా పలికింది. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. "పండింది నాయుడూ" అన్నాడు.

తీర్థం రోజు సాయంత్రం నాలుగు గంటలకల్లా మైదానం నిండిపోయింది. జీళ్ళ కొట్లు, రంగులరాట్నం, పిల్లల బూరాలు. స్టేజీ మీద గంగునాయుడు, వెనక పోలయ్య డ్రమ్ము, పక్కన నరసాయమ్మ తాళాలు. అండగా ఉందామని జోసెఫ్ మాస్టారు కూడా వచ్చి, స్టేజీ మీదే ఒక వార కుర్చీ వేసుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా కంటిపాపలా చూసుకుంటున్న తన సొంత గిటారు ఆయన ఒళ్ళో ఉంది.

గంగునాయుడు ఆయన కుర్చీకేసి వంగాడు. "మాస్టారూ, ఏటి చెయ్యాలో చెప్పండి."

"నేనేమీ చెప్పను, నీకు దణ్ణం. జనం కోసం వాయించు. జనం సంతోషమే నీ సంతోషం."

గంగునాయుడు అమ్మోరికి దణ్ణం పెట్టి మొదలెట్టాడు. మొదటి పాటకి మాటలు ఆగిపోయాయి. రెండో పాటకి జీళ్ళు కొట్టేవాడు సుత్తి ఆపేశాడు. ముసలాళ్ళు కండువాలతో కళ్ళొత్తుకున్నారు. పక్కూరి కీబోర్డు అతను కూడా తెలియకుండానే తొడ మీద తాళం వేస్తున్నాడు. మూడేళ్ళ ముల్లు ఎక్కడ రాలిపోయిందో గంగునాయుడికే తెలియలేదు. మూడో పాట ఎత్తుకునేసరికి జనం లేచి నిలబడ్డారు. ఈలలు, చప్పట్లు. ముందు వరసలోంచి ప్రెసిడెంటు చిన్నంనాయుడే చెయ్యెత్తి అరిచాడు.

"ఇరగదియ్యి గంగులూ! ఇరగదియ్యి!"

"ఇరగదియ్యి! ఇరగదియ్యి!" అని మైదానమంతా అందుకుంది.

గంగునాయుడి చెయ్యి ఆగిపోయింది. గిటారుకేసి చూశాడు. పెళ్ళానికేసి చూశాడు. "విన్నావేటే?" అన్నాడు.

నరసాయమ్మ ముక్కు చీదింది. "విన్నాను మావా. ఏటి చేస్తాం, జనం అడుగుతున్నారు. ప్రెసిడెంటుగారు కూడా అడిగినారు. ఇరగదీసీయి."

గంగునాయుడు గిటారుని కళ్ళకద్దుకుని, మోకాలి మీద పెట్టి వంచాడు. ఇరగలేదు. పోలయ్య వచ్చి ఆ కొస పట్టుకున్నాడు. అయినా ఇరగలేదు. గంగునాయుడు మైకు దగ్గరికెళ్ళి, "ఒక్క నిమిషం ఓపిక పట్టండి, మంచి కర్ర" అని మనవి చేసుకున్నాడు. నరసాయమ్మ తాళాలు కింద పెట్టి గిటారు మధ్యలో ఎక్కి కూర్చుంది. అన్నదమ్ములిద్దరూ రెండు కొసలు పట్టుకుని ఒక్క ఊపు ఊపారు.

ఫెళ్ళున రెండు ముక్కలైంది.

గంగునాయుడు రెండు ముక్కలూ జనానికి ఎత్తి చూపించాడు. "ఇరగదీసినామండి" అన్నాడు, కన్నీళ్ళు తుడుచుకుంటూ. "మీకు సంతోషమేనా?"

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత వెనక వరసల కుర్రకారు ఇదేదో కొత్త ఫ్యాషననుకుని గాల్లోకి ఎగిరారు. బూరాలు ఊదారు, కండువాలు విసిరారు, గొంతులు చించుకున్నారు.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

"ఏటంతన్నారురా?" అన్నాడు గంగునాయుడు.

"మళ్ళీ ఇంకోసారి అంతన్నారు అన్నియ్యా" అన్నాడు ఆరో తరగతి పోలయ్య.

"ఇంకోసారా? మనకి ఇంకోటి ఎక్కడున్నాదిరా?"

ముగ్గురూ ఆలోచించారు. ఆలోచించి, ముగ్గురూ ఒక్కసారే పక్క కుర్చీకేసి తిరిగారు.

జోసెఫ్ మాస్టారు అప్పటికే లేచాడు. గిటారుని చంకలో ఇరికించుకుని, స్టేజీ మీంచి ఒక్క దూకు దూకి, జీళ్ళ కొట్ల సందులోంచి, రంగులరాట్నం కిందనుంచి, చెప్పులు వదిలేసి పరుగందుకున్నాడు. ఆయన వెనకే గంగునాయుడు, గంగునాయుడి వెనకే పోలయ్య, పోలయ్య వెనకే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి నరసాయమ్మ.

"మాస్టారూ! ఆగండి మాస్టారూ! మా కోసం కాదండీ, జనం అడుగుతున్నారండీ!"